చంటిబిడ్డ తూకం, తల్లి చేపు

పుట్టిన నాటి బరువు కంటే నాలుగో రోజు బరువు తక్కువగా ఉండటం దాదాపు ప్రతి చంటిబిడ్డ విషయంలోనూ జరిగేదే అయినా, పరీక్షకు తీసుకువెళ్లినప్పుడు త్రాసు మీద ఆ అంకె కనబడగానే, గంటగంటకూ రొమ్ము పట్టుకునే ఉన్న బిడ్డ తాగిన పాలన్నీ ఎటు పోయాయన్న సందేహం తల్లిని, ఆమెతో వచ్చిన పెద్దలను పట్టుకుంటుంది. ఆ సందేహానికి ఇంట్లో తయారుగా ఉండే సమాధానం ఒక్కటే: తల్లికి పాలు చాలడం లేదు. ఈ మాట చాలా సందర్భాల్లో తప్పు. అయితే ఒకసారి ఆ మాట నమ్మి పోతపాలు మొదలుపెట్టిన ఇంట్లో అది కొద్ది రోజుల్లోనే నిజమై కూర్చుంటుంది. తప్పుడు నిర్ణయం తనను తానే రుజువు చేసుకునే ఈ వింత వెనుక ఉన్న కారణాలు తెలియాలంటే బిడ్డ ఒంట్లోని నీటి లెక్క, నోటి లోపలి పంపు, రొమ్ములో పాలు ఊరే తీరు, ఆసుపత్రి గోడ మీది ఎదుగుదల పటం పుట్టిన కథ, అన్నీ కొంతకొంత తెలియాలి.

తగ్గింది నీరు

నవజాత శిశువు బరువులో దాదాపు నాలుగింట మూడు వంతులు నీరే. పెద్దవారిలో ఇది 60 శాతం దగ్గర ఉంటుంది. ఉమ్మనీటిలో పెరిగిన బిడ్డ ఒంట్లో, ముఖ్యంగా కణాల వెలుపలి జాగాలో, బయటి బతుకుకు అవసరమైన దానికంటే ఎక్కువ నీరు నిలవ ఉంటుంది. పుట్టగానే ఊపిరితిత్తులు తెరుచుకుని వాటి గుండా వచ్చే రక్తం పెరిగి, గుండె పై గదులు ఆ రక్తానికి సాగినప్పుడు వాటి గోడల నుంచి ఒక హార్మోను వెలువడి, నిలవ ఉన్న ఉప్పును, నీటిని వదిలిపెట్టమని మూత్రపిండాలకు సంకేతం ఇస్తుంది. దీనికి తోడు, గర్భంలో ఉన్నన్ని నెలలూ పేగుల్లో పేరుకున్న నల్లని జిగట మలం కూడా వెళ్లిపోతుంది. ఈ రెండింటి వల్ల మొదటి మూడు నాలుగు రోజుల్లో బరువు 5 నుంచి 7 శాతం తగ్గడం సహజం. మూడు కిలోల బిడ్డకు ఇది 150 నుంచి 210 గ్రాములన్నమాట. తగ్గుదల 10 శాతానికి, అంటే అదే బిడ్డకు 300 గ్రాములకు చేరితే మాత్రం వైద్యులు పాలు పట్టే తీరును దగ్గరగా పరిశీలించవలసి ఉంటుంది. పోయిన బరువు సాధారణంగా 10 నుంచి 14 రోజుల్లో తిరిగి వస్తుంది.

ఇక్కడ తెలుగు రాష్ట్రాలకు ప్రత్యేకంగా వర్తించే విషయం ఒకటుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశం మొత్తం మీద సిజేరియన్ కాన్పులు 21.5 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం, తెలంగాణలో 60.7 శాతం. సిజేరియన్ కాన్పు సమయంలో తల్లికి రక్తనాళం ద్వారా ఎక్కించే సెలైన్‌లో కొంత మాయ గుండా బిడ్డకు కూడా చేరుతుంది కాబట్టి, అటువంటి బిడ్డ పుట్టిన వెంటనే తూగిన బరువులో ఆ అదనపు నీరు కలిసే ఉంటుంది. మొదటి రోజు మూత్రంతో అది వెళ్లిపోయినప్పుడు తగ్గుదల ఉన్నదానికంటే పెద్దదిగా కనబడుతుంది. ఈ కారణంగానే పుట్టిన క్షణపు బరువును కాక, 24 గంటల తర్వాతి బరువును లెక్కకు మొదలుగా తీసుకోవాలని కొందరు పరిశోధకులు సూచించారు. తప్పు కొన్నిసార్లు తల్లి రొమ్ములో కాక, తీసివేత మొదలుపెట్టిన అంకెలోనే ఉంటుందన్నది ఆ సూచన సారాంశం.

పాలు పడేదాకా

పాలు తయారుచేసే కణాలు గర్భం మధ్యకాలానికే సిద్ధమవుతాయి. అయినా కాన్పు దాకా అవి పని మొదలుపెట్టకుండా ఆపి ఉంచేది మాయ నుంచి వచ్చే ప్రొజెస్టరాన్ అనే హార్మోను. మాయ బయటపడగానే ఆ హార్మోను రక్తంలో చకచకా పడిపోయి, అడ్డు తొలగి, సుమారు 30 నుంచి 72 గంటల మధ్య రొమ్ములు బరువెక్కుతాయి. దీన్నే వాడుకలో పాలు పడటం అంటారు. తొలి కాన్పులోనూ, సిజేరియన్ తర్వాతా, మధుమేహం లేదా స్థూలకాయం ఉన్న తల్లుల్లోనూ ఇది ఒకటి రెండు రోజులు ఆలస్యం కావచ్చు.

అంతవరకూ వచ్చేవి ముర్రుపాలు. మొదటి రోజు మొత్తం మీద అవి సుమారు 30–40 మిల్లీలీటర్లు మాత్రమే ఉంటాయి, అంటే కాఫీ కప్పులో పావు వంతుకు కాస్త ఎక్కువ. బిడ్డ జీర్ణకోశం అప్పటికి ఒకసారికి పట్టేది కూడా 20 మిల్లీలీటర్లకు అటూ ఇటూ మాత్రమే కనుక, గిన్నెడు పాల కోసం ఎదురుచూసే పెద్దల కంటికి ఆనకపోయినా, రోగనిరోధక పదార్థాలు దట్టంగా ఉన్న ఆ కొద్ది చెంచాలు బిడ్డకు సరిపోతాయి. ఈ రెండు మూడు రోజుల వ్యవధిలోనే చక్కెర నీళ్లు, తేనె నాకించే అలవాటు అడుగుపెడుతుంది. చక్కెర నీళ్లతో నిండిన పొట్ట రొమ్మును గట్టిగా అడగదు. తేనెలో ఉండగల ఒక రకం సూక్ష్మజీవి బీజాలు ఏడాదిలోపు పిల్లల పేగుల్లో మొలకెత్తి కండరాలను చచ్చుబరచే విషాన్ని తయారుచేయగలవు. పెద్దల ఆప్యాయతను కాదనలేక ఊరుకోదగిన విషయం కాదిది.

> పెట్టె: రోజుకు ఎన్ని పాలు?
> మొదటి రోజు కొద్ది చెంచాలుగా ఉన్న తల్లిపాలు అయిదో రోజుకు సుమారు అర లీటరుకు, నెల నిండేసరికి సగటున 750 మిల్లీలీటర్ల దగ్గరకు చేరి, ఆరో నెల దాకా పెద్దగా మారకుండా ఉంటాయి. తల్లిపాలలో 87 శాతానికి పైగా నీరే కాబట్టి, కడుపు నిండా పాలు తాగుతున్న బిడ్డకు ఆరు నెలల వరకు నడివేసవిలో కూడా విడిగా నీళ్లు పట్టనవసరం లేదు. ఎండాకాలంలో బిడ్డ మరిన్నిసార్లు పాలు అడిగి ఆ లోటు తానే తీర్చుకుంటుంది.

పితకడమా, పీల్చడమా?

బిడ్డ రొమ్ము నుంచి పాలు ఎలా తీసుకుంటుందన్నది తేలికగా కనిపించినా శాస్త్రవేత్తలను చాలాకాలం తికమక పెట్టిన ప్రశ్న. ఇంగ్లండుకు చెందిన శస్త్రవైద్యుడు ఆస్ట్లీ కూపర్ 1840లో ప్రచురించిన చిత్రాల్లో, చనుమొన వెనుక పాలు నిలవ ఉండే చిన్న సంచులు ఉన్నట్లు కనిపించింది. మరణించిన బాలింతల రొమ్ముల్లోని పాలనాళాల్లోకి మైనం ఎక్కించి గీసిన చిత్రాలవి. మైనం ఒత్తిడికి నాళాలు ఉబ్బి ఉండవచ్చునన్న అనుమానం లేకుండా పాఠ్యపుస్తకాలు ఆ సంచులను నూటయాభై ఏళ్లకు పైగా అలాగే ముద్రించాయి. 1958లో కదిలే ఎక్స్‌రే చిత్రాలతో చేసిన అధ్యయనం తర్వాత, బిడ్డ నాలుక ఆ సంచులను ముందు నుంచి వెనక్కి నొక్కుతూ, వేళ్లతో పొదుగు పితికినట్లే పాలు పితుకుతుందన్న భావన స్థిరపడింది.

పశ్చిమ ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయంలో పీటర్ హార్ట్‌మన్ బృందం 2005లో పాలిచ్చే తల్లుల రొమ్ములను అల్ట్రాసౌండ్‌తో పరీక్షించినప్పుడు ఆ సంచుల జాడే కనబడలేదు; నాళాలు పాలను మోసుకువస్తాయే గాని నిలవ చేయవని తేలింది. అదే చోట డోనా గెడిస్, ఆమె సహచరులు 2008లో బిడ్డ నోటి లోపలి ఒత్తిడిని, నాలుక కదలికను ఒకేసారి కొలిచి, నాలుక పైకి నొక్కినప్పుడు కాక, కిందికి దిగి నోటిలో శూన్యం పెరిగినప్పుడే పాలు దూకుతున్నాయని చూపించారు. నాలుక అలలాంటి కదలిక పాత్ర ఎంతన్న దానిపై చర్చ ఇంకా పూర్తిగా ముగియకపోయినా, ప్రధానమైన పని పీల్పుదేనన్న వైపు సాక్ష్యం మొగ్గుతున్నది.

ఈ తేడా పండితుల వాదనగా మిగిలిపోకుండా తల్లికి అక్కరకు వచ్చేది ఎక్కడంటే, వీధిలోని చేతిపంపులో వాషరు అరిగిపోతే పిడి ఎంత కొట్టినా గాలి చొరబడి నీరు పైకి రాదు. బిడ్డ నోరు రొమ్మును సరిగా మూయకపోయినా జరిగేది అదే. చనుమొన ఒక్కటే చిగుళ్ల మధ్య పట్టుకున్న బిడ్డకు శూన్యం ఏర్పడదు, పాలు అందవు, తల్లికి పుండు పడుతుంది. నోరు బాగా తెరుచుకుని, గడ్డం రొమ్మును తాకుతూ, కింది పెదవి బయటికి మడిచి ఉండి, చనుమొన చుట్టూ ఉండే నల్లని వలయం బిడ్డ నోటికి కింది వైపు కంటే పై వైపునే ఎక్కువగా కనబడితే పట్టు సరిగా ఉన్నట్లు. పట్టు సరిచేయడంతోనే తీరిపోయే సమస్యలు, తల్లికి పాలు లేవని పేరు పడినవాటిలో తక్కువేమీ కావు. అంగిలి చీలిక ఉన్న బిడ్డ నోరు ఎంత మూసినా పై నుంచి గాలి చొరబడుతుంది కనుక శూన్యం నిలవదు. నాలుక కింది పొర బిగుతుగా ఉన్న కొందరు బిడ్డల్లో నాలుక పైకీ ముందుకీ కదలలేకపోతుంది. అయితే కనబడిన ప్రతి పొరనూ కత్తిరించవలసిన అవసరం లేదు.

పీల్చడం, మింగడం, ఊపిరి తీయడం అనే మూడు పనులను తడబడకుండా వంతులవారీగా చేయడానికి మెదడు అడుగుభాగపు నాడులు పక్వానికి రావాలి. గర్భంలో సుమారు 34 వారాలకు ఆ పొందిక కుదురుతుంది. అందువల్ల అంతకు ముందు పుట్టినవారికి గొట్టంతోనో, ఉగ్గుగిన్నెతోనో పాలు పట్టవలసి వస్తుంది. 35, 36 వారాలకు పుట్టిన బిడ్డలు చూడటానికి నెలలు నిండినవారిలాగే ఉంటారు కానీ, నాలుగు గుటకలకే అలసి నిద్రలోకి జారుకుంటారు. నోట్లో రొమ్ము ఉన్నంతసేపూ తాగుతున్నారని పొరబడే ప్రమాదం వీరి విషయంలోనే ఎక్కువ. తేడా కనిపెట్టడానికి పరికరమేదీ అక్కరలేదు. పాలు వస్తున్నప్పుడు బిడ్డ దవడ సుమారు సెకనుకు ఒకసారి నిదానంగా, లోతుగా కదులుతూ గుటక వినబడుతుంది. పాలు రానప్పుడు సెకనుకు రెండుసార్లు తేలికగా చప్పరిస్తుంది.

దూడను విడిచే రహస్యం

పాడి ఉన్న ప్రతి ఇంటికీ తెలిసిన సంగతి ఒకటి: ముందు దూడను విడిచి, ఆవు చేపిన తర్వాతే పితుకుతారు. తల్లి విషయంలోనూ ఈ చేపు, అంటే పాలు దిగడం, లేనిదే పాలు పూర్తిగా బయటికి రావు. చనుమొన మీది స్పర్శ నాడుల ద్వారా మెదడుకు చేరగానే రెండు హార్మోన్లు వెలువడతాయి. ప్రొలాక్టిన్ అనేది రాబోయే పూటలకు పాలు తయారుచేయిస్తుంది. దీని మోతాదు రాత్రివేళ ఎక్కువగా ఉండటం వల్ల రాత్రి పాలివ్వడం మానితే ఉత్పత్తి దెబ్బతింటుంది. ఆక్సిటోసిన్ అనే రెండోది, పాలు ఊరే చిన్న బుడగల చుట్టూ వల లాగా అల్లుకున్న కండరాలను బిగించి, అప్పటికే ఉన్న పాలను నాళాల్లోకి నెడుతుంది. బిడ్డ ఏడుపు విన్నా, బిడ్డను తలచుకున్నా చేపు రాగలదు. నొప్పి, భయం, అవమానం దాన్ని ఆపగలవు. త్రాసు ఎదుట నలుగురిలో ‘పాలు లేవా?’ అన్న ప్రశ్న విన్న తల్లికి ఆ తర్వాతి పూట నిజంగానే పాలు దిగకపోవడంలో ఆశ్చర్యమేమీ లేదు.

చేపు పాలను బయటికి నెట్టే సంగతి. ఎన్ని పాలు ఊరాలో తేల్చేది రొమ్ములోనే ఉన్న మరో ఏర్పాటు. బుడగలు నిండి ఉన్నకొద్దీ, పాలలోనే ఉండే నిరోధక పదార్థాల వల్లా, సాగిన గోడల ఒత్తిడి వల్లా కణాలు పని తగ్గిస్తాయి. ఖాళీ అయినకొద్దీ వేగం పెంచుతాయి. రెండు రొమ్ములూ ఈ విషయంలో దేని లెక్క దానిదే. పాలు కుండలో నీళ్లలాంటివని, తాగితే అయిపోతాయని, రొమ్ము నిండేదాకా ఆగి పట్టాలని చెప్పే సలహా తలకిందులైనది. తల్లిపాలు వాగు ఇసుకలో తవ్విన చెలమ లాంటివి, తోడినకొద్దీ ఊరతాయి. సాయంత్రం వేళ బిడ్డ అరగంటకొకసారి రొమ్ము అడగడం చాలావరకు ఈ తోడుడే. మూడో వారంలోనూ ఆరో వారంలోనూ ఎదుగుదల ఊపందుకున్నప్పుడు ఇది మరీ ఎక్కువవుతుంది.

సరిగ్గా ఆ సాయంత్రమే పోతపాల సీసా ఇంట్లోకి వస్తుంది. డబ్బా పాలు తాగిన బిడ్డ గాఢంగా నిద్రపోతుంది. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. ఆ మూడు నాలుగు గంటలూ రొమ్ములు నిండుగా ఉండిపోయి, ఉత్పత్తి తగ్గించమన్న సంకేతం అందుకుంటాయి. మర్నాడు పాలు కొంత తగ్గుతాయి, బిడ్డ మరికాస్త ఏడుస్తుంది, సీసా మరికాస్త నిండుతుంది. పదిహేను రోజుల్లో ‘తల్లికి పాలు లేవు’ అన్న మాట అక్షరాలా నిజమవుతుంది. కోస్తాలో బాలింతలకు పెట్టే సొరచేప పిట్టు, ఊరూరా పెట్టే వెల్లుల్లి కారం పోషణకు మంచివే అయినా, తోడకుండా ఊరించే శక్తి వాటికి లేదు. పత్యం పేరుతో బాలింతకు నీళ్లు తగ్గించే ఆచారానికైతే ఏ సమర్థనా కనబడదు.

అంకె ఏ పటం మీద పడుతుంది?

స్ప్రింగు త్రాసు అంటే బిడ్డను గుడ్డ ఊయలలో వేలాడదీసి తూచేది. అటువంటి అనేక త్రాసుల మీద గీతలు 100 గ్రాములకొకటి ఉంటాయి. మూడు వారాల బిడ్డ ఒక పూటలో 60 నుంచి 90 మిల్లీలీటర్ల పాలు తాగుతుంది. మొదటి మూడు నెలల్లో ఆరోగ్యవంతమైన బిడ్డ రోజుకు పెరిగేది సుమారు 25 నుంచి 30 గ్రాములు. ఈ మూడు అంకెలను పక్కపక్కన పెడితే, రెండు రోజుల తేడాతో రెండు వేర్వేరు త్రాసుల మీద, ఒకసారి పాలు తాగక ముందు, మరోసారి తాగిన తర్వాత తూచి పోల్చడం ఎంత అర్థరహితమో తెలుస్తుంది. ఒకే త్రాసు మీద, బట్టలు లేకుండా, కనీసం వారం వ్యవధితో తూచిన బరువులకే విలువ.

పటానికీ ఒక చరిత్ర ఉంది. 1977లో అమెరికాలో తయారై ప్రపంచమంతటా వాడుకలోకి వచ్చిన పటంలో, రెండేళ్లలోపు పిల్లల లెక్కలు ఒహాయో రాష్ట్రంలోని ఒక పరిశోధన సంస్థ 1929, 1975 మధ్య సేకరించినవి. ఆ పిల్లల్లో అత్యధికులు సీసా పాలు తాగినవారు. తల్లిపాలు తాగే పిల్లలు మొదటి రెండు మూడు నెలలు చురుగ్గా పెరిగి, ఆ తర్వాత సీసా పిల్లల కంటే నిదానిస్తారు. ఫలితంగా మూడో నాలుగో నెల దాటాక, ఏ లోపమూ లేని బిడ్డ గీత పటం మీద కిందికి వంగేది; పోతపాలు మొదలుపెట్టమన్న సలహా వెంటనే వచ్చేది. అలా కొలబద్దే ఒక తరం తల్లులను దోషులను చేసింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1997, 2003 మధ్య బ్రెజిల్, ఘనా, భారత్, నార్వే, ఒమన్, అమెరికా దేశాల్లో తల్లిపాలతో, మంచి పరిస్థితుల్లో పెరిగిన సుమారు 8,500 మంది పిల్లలను కొలిచి, 2006లో కొత్త ప్రమాణాలు ప్రకటించింది. భారత్ తరఫున కొలతలు తీసినది ఢిల్లీలో. జాతులు, ఖండాలు వేరైనా పొడవు పెరిగే తీరు ఆశ్చర్యకరంగా ఒక్కటిగానే ఉండటం ఆ అధ్యయనంలో తేలిన ముఖ్య విషయం. అంగన్‌వాడీల్లో, టీకా కేంద్రాల్లో ఇచ్చే తల్లీబిడ్డల కార్డు మీది రంగుల పటం ఈ ప్రమాణాల ఆధారంగా వచ్చినదే.

> పెట్టె: పర్సంటైల్ మార్కు కాదు
> ఒకే వయసు గల నూరుమంది ఆరోగ్యవంతమైన పిల్లలను బరువు ప్రకారం తేలిక నుంచి బరువుకు వరుసగా నిలబెడితే, పదో పర్సంటైల్ బిడ్డ కంటే తేలికైనవారు పదిమంది ఉంటారు. ఆ పదిమందీ ఆరోగ్యవంతులే. నూటికి పది మార్కులు వచ్చినట్లు బాధపడటం, తొంభై వస్తే పండగ చేసుకోవడం ర్యాంకుల అలవాటు తప్ప మరేమీ కాదు. చూడవలసింది బిడ్డ తన గీత వెంట సాగుతున్నదా అన్నదే. మధుమేహం ఉన్న తల్లికి బొద్దుగా పుట్టిన బిడ్డ తన సహజమైన గీతకు దిగివచ్చేటప్పుడు పర్సంటైల్ తగ్గవచ్చు. దాన్ని కూడా తక్షణం రోగమనుకోకూడదు.

నిజంగా చాలనప్పుడు

వాగే ఎండిపోతే చెలమ ఊరదు. కాన్పులో అధిక రక్తస్రావం, గర్భాశయంలో మిగిలిపోయిన మాయ ముక్క, థైరాయిడ్ లోపం, రొమ్ముకు పూర్వం జరిగిన శస్త్రచికిత్స వంటివి ఉన్న కొందరు తల్లులకు పాలు నిజంగానే చాలవు. వీరు ఎంత ప్రయత్నించినా లోటు పూర్తిగా తీరకపోవచ్చు, దాన్ని వారి పట్టుదల లోపంగా చూడటం అన్యాయం. తల్లిపాల గొప్పదనం గురించి చేసే ప్రచారం ఈ తల్లులను మరచిపోయినప్పుడు బిడ్డకు హాని జరుగుతుంది.

హాని జరిగే తీరు మోసపూరితమైనది. పాలు అందని బిడ్డ మొదట ఏడుస్తుంది, తర్వాత నీరసించి ఊరుకుంటుంది. ‘బిడ్డ బుద్ధిమంతుడు, అయిదారు గంటలు కదలకుండా నిద్రపోతున్నాడు’ అని మురిసిపోయే సమయంలో, ముఖ్యంగా ఎండాకాలంలో, ఒంట్లో నీరు తగ్గి రక్తంలో ఉప్పు సాంద్రత ప్రమాదకరంగా పెరుగుతూ ఉండవచ్చు. తోడని రొమ్ములోని తొలిపాలలో ఉప్పు శాతం త్వరగా తగ్గదు కనుక, తాగే ఆ కాస్త పాలు కూడా లోటును సరిదిద్దలేవు. పచ్చకామెర్లు ముదరడానికీ ఇదే దారి: పసుపు రంగు పదార్థం మలంతో బయటికి పోవాలి, పాలు తక్కువైతే మలం కదలదు, పేగుల్లోని ఆ పదార్థం తిరిగి రక్తంలోకి చేరుతుంది.

త్రాసు లేని ఇంట్లో కూడా ఇది కనిపెట్టవచ్చు. అయిదారు రోజులు నిండిన బిడ్డ రోజుకు కనీసం ఆరుసార్లు లేత రంగు మూత్రం పోయాలి, నల్లని మలం నాలుగైదు రోజులకు పసుపు రంగుకు మారి ఉండాలి. మాడు లోతుకు పోవడం, నోరు ఎండటం, పాలకు లేపినా లేవకపోవడం కనబడితే మరునాటికి వాయిదా వేయరాదు. పాలు తాగేటప్పుడు నుదుటికి చెమట పట్టి, ఆగి ఆగి రొప్పే బిడ్డ గుండెను పరీక్షించాలి, ఎందుకంటే చంటిబిడ్డ చేసే అతి కష్టమైన పని పాలు తాగడమే, బలహీనమైన గుండె బయటపడేదీ అక్కడే. తాగిన తర్వాత పెదవి చివర కాస్త కక్కడం మామూలు. మూడు నుంచి ఆరు వారాల వయసులో ప్రతి పూటా దూరంగా పడేలా వాంతి కావడం, జీర్ణకోశం చివరి ద్వారం బిగుసుకుపోవడానికి సూచన కావచ్చు.

ఇటువంటి చోట అదనపు పాలు ఇవ్వడం ఓటమి కాదు, చికిత్స. అయితే అది వైద్యుని కొలత ప్రకారం ఇస్తూ, అదే సమయంలో రొమ్ములను పితికో పంపుతోనో ఖాళీ చేస్తూ ఉంటేనే చెలమ పూడిపోకుండా ఉంటుంది. పితికిన పాలను సీసాకు బదులు ఉగ్గుగిన్నెతో పట్టడం మన ఇళ్లకు కొత్త కాదు.

ఆరు, పది, పద్నాలుగు వారాల టీకాల రోజున బిడ్డను తూచి, అంకె రాసి, సూది వేసి పంపేయడం చాలా చోట్ల రివాజు. ఆ అంకెకు కారణమైన పాలు తాగడాన్ని మాత్రం ఎవరూ చూడరు. కేంద్రానికి వెళ్లే తల్లిదండ్రులు రెండు విషయాలు అడగాలి: ఆ రోజు బరువును కార్డు పటం మీద చుక్కగా పెట్టి పాత చుక్కలతో కలపమని, నర్సు గాని ఏఎన్ఎం గాని ఒక్క పూట పాలు పట్టడం మొదటి నుంచి చివరిదాకా పక్కన కూర్చుని చూడమని.